ఊరి మధ్య మూడు నిమిషాలు: వయోజన విద్య గురించి మాట్లాడే వలంటీర్లను ఎలా తయారు చేయాలి?

ఏటా ఆగస్టు దాటేసరికి, అంటే సెప్టెంబరు 8న అక్షరాస్యత దినోత్సవం దగ్గర పడుతుండగా, ఒకే ప్రశ్న రకరకాల గొంతులతో వస్తుంది. "మా మండలంలో పది పన్నెండు మంది వలంటీర్లు ఉన్నారు. ఊళ్లోకి వెళ్లి మాట్లాడమంటే సగం మంది బిగుసుకుపోతున్నారు, మిగిలిన సగం మంది ఆపమన్నా ఆపడం లేదు. ఏం చేయాలి?" బిగుసుకుపోయేవారితో ఇబ్బంది లేదు, రెండు రోజుల్లో దారికి వస్తారు. ఆపనివారికే ఎక్కువ శిక్షణ కావాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ పని చేసి, చాలాసార్లు చేయి కాల్చుకుని నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు ఒక్క విషయంలో స్పష్టత తెచ్చుకోండి. మీ వలంటీరు చదువు చెప్పడానికి వెళ్లడం లేదు. చదువు గొప్పతనం చెప్పడానికి కూడా వెళ్లడం లేదు. పలానా రోజు, పలానా చోట, పలానా వేళకు రాత్రి బడి మొదలవుతుందని చెప్పి, రాగలిగినవారి పేర్లు పుస్తకంలో రాసుకుని రావాలి. శిక్షణంతా ఆ పుస్తకం కోసమే.

సిద్ధం చేసుకోవలసినవి

పన్నెండు మంది మనుషులు. పదిహేను మందిని మించితే అందరికీ మాట్లాడే వంతు రాదు. రెండు పూర్తి రోజులు, వాటి మధ్య కనీసం మూడు రోజుల ఎడం. సెకన్లు చూపే గడియారం లేదా ఫోను. ఒక్కొక్కరికి ఒక చేతి పుస్తకం. నాలుగు పలకలు, బలపాలు. ఒక బ్యాంకు విత్‌డ్రా ఫారం, ఒక ఆసుపత్రి చీటీ, ఒక పురుగుమందు సీసా ఖాళీది (శుభ్రంగా కడిగి, మూత బిగించి తేవాలి), ఒక కరెంటు బిల్లు. మైకు మొదటి రోజు అక్కర్లేదు, ఉన్నా దాచేయండి.

వీటికన్నా ముఖ్యమైనది ఒకటుంది: రాత్రి బడి ఎక్కడ జరుగుతుందో, ఎవరు చెబుతారో, ఏ రోజు మొదలవుతుందో ముందే ఖాయమై ఉండాలి. అది తేలకుండా సభ పెట్టవద్దు. ఒకసారి మా బృందం ఒక ఊళ్లో బాగా మాట్లాడింది, ముప్ఫై పేర్లు వచ్చాయి. గది తాళం చెవి ఎవరి దగ్గరుందో తేలడానికి మూడు వారాలు పట్టింది. మళ్లీ వెళ్తే పలకరించినవారు లేరు.

1. మనుషులను ఎంచుకోండి

మంచి వక్తల కోసం వెతకవద్దు. ఊళ్లో నలుగురు ఎవరి మాట వింటారో వారిని పిలవండి. పొదుపు సంఘం నడిపే మహిళ, ఉపాధి పనిలో మేట్‌గా (కూలీల జట్టుకు పెద్దగా) చేసినవారు, అంగన్‌వాడీ ఆయా, చేపల వేటకు వెళ్లి వచ్చే యువకుడు. వీరితోపాటు పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నవారు కనీసం ఇద్దరు ఉండాలి. ఇది తప్పనిసరి. "నాకూ వచ్చేది కాదు, నేర్చుకున్నాను" అని చెప్పగలిగిన మనిషి ముందు ఎంత చదివినవారి మాటా నిలబడదు.

రిటైరైన మాస్టార్లు ఉత్సాహంగా వస్తారు, కాదనకండి. కాని వారికి ముందే చెప్పండి: ఇది తరగతి కాదు, వెనక బెంచీవారిని మందలించకూడదు. డిగ్రీ విద్యార్థులు మాత్రమే దొరికితే ఒక్కొక్కరిని ఊరి పెద్దావిడ ఒకరితో జత చేయండి. కథ ఆవిడ చెబుతారు, పేర్లు పిల్లలు రాసుకుంటారు.

2. మొదటి రోజు మాట్లాడించకండి, విని రమ్మనండి

ఉదయం గంట సేపు పరిచయం, ఆ తర్వాత ఇద్దరిద్దరుగా వీధిలోకి పంపండి. పని ఒక్కటే: "చదవడం రాక ఎవరినైనా అడగవలసి వచ్చిన సందర్భం చెప్పండి" అని అయిదుగురిని అడిగి, వారు చెప్పింది వారి మాటల్లోనే గుర్తుపెట్టుకుని రావాలి. ఎదురుగా రాసుకోకూడదు. కాగితం తీయగానే మనిషి మాట మారిపోతుంది, ఏదో సర్వే అనుకుంటారు.

మధ్యాహ్నానికి సరుకు వస్తుంది. శ్రీకాకుళం కాంప్లెక్సులో (ఆర్టీసీ బస్టాండులో) టెక్కలి బస్సు ఏదో తెలియక ఎక్కిన తప్పు బస్సులు, భర్త చెన్నైలోనో హైదరాబాదులోనో గుజరాత్ వేరావల్ పడవల్లోనో ఉంటే అతను పంపిన డబ్బు వచ్చిందో లేదో పక్కింటి పిల్లవాడు చదివి చెప్పే బ్యాంకు సందేశాలు, ఆసుపత్రిలో ఏ గదికి వెళ్లాలో తెలియక పోగొట్టుకున్న పూటలు. ఏ పుస్తకంలోనూ దొరకని ఉపన్యాస సామగ్రి ఇది.

హెచ్చరిక: ఇంకొకరి కథ చెప్పాలంటే వారి అనుమతి ఉండాలి, పేరూ ఊరూ మార్చాలి. అదే వీధిలో అదే మనిషి కథ ఎప్పుడూ చెప్పవద్దు. తన ఇంటి కథ అయితే అన్నిటికన్నా మేలు.

3. మూడు నిమిషాల మాట కట్టించండి

మూడు నిమిషాలు, అంతే. పొలం నుంచో జీడిపిక్కల కార్ఖానా నుంచో వచ్చిన మనిషికి ఇంకా వంట మిగిలి ఉంటుంది. ఈ మాటలో నాలుగు ముక్కలు ఉండాలి: పలకరింపు, ఒక సంఘటన, నేర్చుకున్నాక చేయగలిగే ఒక చిన్న పని, బడి వివరం. ఉదాహరణకు ఇలా:

"అమ్మా, అక్కా, పనుల నుంచి వచ్చి కూర్చున్నారు, ఎక్కువ సేపు ఉంచను. మా అత్త పోయిన ఏడాది కాంప్లెక్సులో మా ఊరి బస్సు కోసం గంట సేపు నిలబడింది. రెండు బస్సులు కళ్ల ముందే వెళ్లిపోయాయి. ఎవరినైనా అడగలేకపోయావా అన్నాను. ఎన్నిసార్లు అడగను, అడిగినప్పుడల్లా ఎగాదిగా చూస్తారు అంది. ఇప్పుడు బోర్డు మీద మొదటి అక్షరం చూసి ఎక్కేస్తుంది. సోమవారం రాత్రి ఏడున్నరకు రామమందిరం పక్కన అంగన్‌వాడీ గదిలో బడి మొదలవుతుంది. మొదటి రోజు మీ పేరు ఒక్కటే రాస్తారు. పలకలు మా దగ్గర ఉన్నాయి. నేను మీ మధ్యకు వస్తాను, వచ్చేవారు నాకు పేరు చెప్పండి."

దీన్ని బట్టీ పట్టించకండి. అత్త స్థానంలో ఎవరి అత్త, ఎవరి అమ్మ, ఎవరి అన్న వారికి ఉన్నారు. ఇక్కడ నేను రాసిన అచ్చు భాషలో అసలు చెప్పించకండి. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమనండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఈ నేల మనిషే, పర్వతాలపేటలో పుట్టారు. ఆయన జిల్లాలో మైకు పట్టుకోగానే గ్రాంథికం పూనేవారు ఇంకా ఉన్నారంటే ఏమనాలి!

సవర గిరిజనుల ఊళ్లకు వెళ్తే తెలుగులో ఎంత బాగా మాట్లాడినా సగమే అందుతుంది. సవర మాట్లాడే వలంటీరును తయారు చేయండి. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లకూ ఇదే సూత్రం. గిడుగు సవర నేర్చుకుని అందులోనే పాఠ్యపుస్తకాలు రాశారు. అంత చేయమనడం లేదు, పలకరింపు వరకైనా వారి భాషలో ఉండాలి.

4. కొన్ని మాటలు నోట రాకుండా చూడండి

"నిరక్షరాస్యులు", "చదువు రానివారు", "అజ్ఞానం", "చీకటి", "వెలుగు" — ఈ మాటలు వాడిన ప్రతిసారీ గడియారం ఆపి మళ్లీ మొదటినుంచి చెప్పించండి. ఎదుట కూర్చున్నావిడ పదిమందికి కూలి లెక్క నోటితో కట్టగలదు, ఏ చేపకు ఎంత ధర పలుకుతుందో చూపుతోనే చెప్పగలదు. ఆవిడను చీకట్లో ఉన్నారని అంటే లేచి వెళ్లిపోవడం న్యాయమే.

అంకెలు కూడా వద్దు. 2011 జనగణనలో విజయనగరం జిల్లా అక్షరాస్యత దాదాపు 59 శాతం, శ్రీకాకుళం జిల్లాది దాదాపు 62 శాతం. మహిళల్లో అటూ ఇటూ సగం మందే. మీరు ఊళ్లు ఎంచుకోవడానికి, అధికారులతో మాట్లాడటానికి ఇవి పనికొస్తాయి. ఊరి మధ్య చదివితే "మన జిల్లా వెనకబడింది" అన్న నిట్టూర్పు తప్ప ఒక్క పేరు కూడా రాదు.

పురుగుమందు సీసా తెమ్మన్నది ఇందుకే. చాలామంది వలంటీర్లు సీసా చూపించి "చదువు లేకపోతే విషమో కాదో ఎలా తెలుస్తుంది?" అంటారు. ఎదుటి రైతు నవ్వుతాడు. సీసా మీద ఎర్ర రంగు ఉంటే అత్యంత ప్రమాదకరమని, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసలో విషం తగ్గుతుందని అతనికి ఎప్పుడో తెలుసు. తెలియనిది ఎకరాకు ఎన్ని మిల్లీలీటర్లు అన్నది, గడువు తేదీ. అక్కడ వేలు పెట్టి చూపించాలి. ఎదుటివారికి తెలిసినదాన్ని ఒప్పుకుని, తెలియని చోట మాత్రమే మాట్లాడటం నేర్పడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు దొరకలేదు.

5. ఎదురు ప్రశ్నల సాధన

రెండో రోజు సగం పూట దీనికే ఇవ్వండి. ఒకరు వలంటీరు, మిగిలినవారంతా ఊరివారు. వీలైనంత మొండిగా ప్రశ్నించమనండి. సాధారణంగా వచ్చేవి ఇవి.

"వేలిముద్ర వేస్తే పని అవుతోంది కదా, సంతకం ఎందుకు?" ఈ రోజుల్లో అన్నిటికన్నా బలమైన ప్రశ్న ఇదే, తోసిపుచ్చవద్దు. నిజమే, అవుతోందని ఒప్పుకోవాలి. తర్వాత వేళ్లు చూపించమని అడగాలి. జీడిపిక్కల తొక్క నూనెకు చర్మం కాలుతుంది. పలాస, కాశీబుగ్గ వైపు పిక్కలు ఒలిచే మహిళల్లో మిషన్ వేలిముద్ర పట్టక తిరిగి తిరిగి వచ్చినవారు దొరుకుతారు, వారినే చెప్పనివ్వండి. ఉప్పునీటిలో వలలు లాగే చేతులదీ ఇదే గొడవ. ఇంకొకటి: వేలు పెట్టాక వచ్చే చిన్న చీటీలో ఎంత తీశారో ఉంటుంది. ఆ అంకె మనమే చదువుకోవాలి, డబ్బు ఇచ్చేవారు చెప్పిందే నమ్మాల్సిన పని లేదు.

"కళ్లు కనబడవు." దీన్ని సాకు అనుకుని నవ్వేస్తారు, అదే పెద్ద తప్పు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం సహజం. సూదిలో దారం ఎక్కించగలరా అని అడగండి. లేదంటే నిజంగానే కళ్లజోడు కావాలి. ఆశా కార్యకర్తతో మాట్లాడి కంటి పరీక్ష ఎక్కడ జరుగుతుందో ముందే తెలుసుకుని వెళ్లండి. బడికి రాకపోవడానికి అసలు కారణం ఇదేనని చాలాచోట్ల చివరికి తేలింది.

"ఈ వయసులో ఏ ఉద్యోగం చేయాలి?" అంటే "చదువుకు వయసు లేదు" అని జవాబిస్తారు. ఆ మాట వారు వందసార్లు విన్నారు. దానికి బదులు ఒక ప్రశ్న వేయించండి: "మీ పేరు మీదున్న పాస్‌పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?" ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చోవాలి. వలంటీర్లకు అన్నిటికన్నా కష్టమైనది ఈ మౌనమే, పదిసార్లు సాధన చేయించండి.

"మా ఆయన ఒప్పుకోరు." సభలో దీనికి జవాబు ఇవ్వకూడదు. ఇచ్చిన ప్రతి జవాబూ ఆ రాత్రి ఆవిడ ఇంట్లో గొడవ అవుతుంది. "రేపు ఇంటికి వస్తానమ్మా" అనడమే మేలు, మర్నాడు వెళ్లడం కూడా.

"వస్తే ఏమిస్తారు? పింఛను వస్తుందా? మీకెంత ఇస్తారు?" ఏమీ ఇవ్వరు, రాదు, ఏమీ ఇవ్వరు. ఈ మూడు జవాబులూ నవ్వు ముఖంతో, ఆలస్యం లేకుండా రావాలి. రుణం వస్తుందనో, పథకంలో పేరు ఉంటుందనో ఆశపెట్టిన వలంటీరును ఆ రోజే బృందం నుంచి తప్పించండి. ఇందులో నేను మొహమాటపడను.

"పరీక్ష పెడతారా?" పదిహేనేళ్లు దాటినవారి కోసం 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ కార్యక్రమం కింద చదివితే చివర ఒక పరీక్ష ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కులు, నెగ్గితే సర్టిఫికెట్. దాచవద్దు, కాని పేరు రాయించుకునే రోజు దాన్ని పెద్దది చేసి చూపవద్దు.

6. గొంతు, మైకు

నలభై మంది వరకు మైకు వద్దు. వెనక వరుసలో ఒకరిని నిలబెట్టి, వినబడకపోతే చేయి ఎత్తమనండి. గొంతు పెంచడం కాదు, వేగం తగ్గించడం నేర్పాలి. మైకు తప్పనిసరైతే నోటికి పిడికెడు దూరంలో పట్టుకోవాలి. సౌండ్ బాక్సు మాట్లాడేవారికి వెనకుంటే కీచుమంటుంది, దాన్ని ముందుకు జరిపితే చాలు. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదు, అది చట్టం.

కళారూపం జోడించవచ్చా అని అడుగుతుంటారు. మీ చుట్టుపక్కల తప్పెటగుళ్ల బృందమో జముకుల కథ చెప్పేవారో (రెండూ ఇక్కడి జానపద కళలే) ఉంటే తప్పక పిలవండి, జనం వస్తారు. అయితే కళ ముందు, మాట మధ్యలో, మళ్లీ కళ అన్న వరుస పాటించండి. మాటను చివరికి తోస్తే జనం లేచిపోతారు. అజ్జాడలో పుట్టి హరికథా పితామహుడని పేరు పొందిన ఆదిభట్ల నారాయణదాసు సంప్రదాయం ఈ జిల్లాలది. హరికథలో అసలు కథను ఆపి పిట్టకథ చెప్పి మళ్లీ దారిలోకి రావడం ఒక విద్య. మన వలంటీర్లు పిట్టకథలోకి వెళ్తారు కాని తిరిగి రారు. అందుకే గడియారం.

7. ఊళ్లోకి

సర్పంచికీ సంఘం పెద్దలకూ ముందు చెప్పండి, వేదిక మీద కూర్చోబెట్టకండి. వేదికే వేయకండి. రామమందిరం అరుగు, మంచినీటి కుళాయి దగ్గర, పొదుపు సంఘం నెలవారీ సమావేశం, వేసవిలో ఉపాధి పని విరామం: ఇవి చాలు. ప్రత్యేకంగా సభ పెట్టడంకన్నా జనం ఇప్పటికే కూర్చున్న చోటికి వెళ్లడం తేలిక. వరి నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో వెళ్లవద్దు. వలస వెళ్లిన మగవారితో మాట్లాడాలంటే సంక్రాంతి తప్ప వేరే అదను లేదు. భోగి మర్నాడు మాత్రం కాదు!

ఇద్దరు వెళ్లాలి. ఒకరు మాట్లాడాలి, రెండోవారు గమనించాలి. మాట అయిపోగానే ఇద్దరూ జనంలోకి వెళ్లి పేర్లు అడగాలి. "ఎవరెవరు వస్తారో చేతులెత్తండి" అనకూడదు. చేయి ఎత్తడమంటే చదవడం రాదని పదిమందిలో ఒప్పుకోవడం. పక్కన కూర్చుని మెల్లగా అడిగితే చెప్పే పేరు వేరు. పేరు, వీధి, ఏ వేళ కుదురుతుంది: ఈ మూడే రాసుకోండి. ఆధార్ అడగగానే పుస్తకం ఖాళీ అవుతుంది. వివరాలు బడికి వచ్చాక చూసుకోవచ్చు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన మహిళలు సారా దుకాణాన్ని మూయించిన సంగతి చెప్పాలని చాలామందికి ఉబలాటం. నిజమైన చరిత్రే, గొప్పదే. బడి మూడు నెలలు నడిచాక బడిలో చెప్పుకోండి. మొదటి రోజు మగవారి ఎదుట చెబితే బడి మొదలవకముందే దానికి శత్రువులు తయారవుతారు.

ఫలితం ఎలా చూడాలి

చప్పట్లు లెక్కపెట్టకండి. మొదటి పరీక్ష మర్నాడు ఉదయం: సభకు వచ్చిన అయిదుగురిని దారిలో ఆపి "బడి ఎప్పుడు, ఎక్కడ?" అని అడగండి. ముగ్గురైనా సరిగ్గా చెప్పాలి. "బాగా మాట్లాడింది అమ్మాయి" అని మాత్రమే చెబితే వలంటీరు నాలుగో ముక్కను మింగేసిందని అర్థం, మళ్లీ సాధన చేయించండి.

రెండోది బడి మూడో రోజు హాజరు. మొదటి రోజు వింత చూడటానికి వస్తారు, దాన్ని నమ్మవద్దు. పుస్తకంలో ఇరవై పేర్లుంటే మూడో రోజు పది మంది ఉన్నా మాట పనిచేసినట్టే. నలుగురే ఉంటే రానివారి ఇళ్లకు వెళ్లి కారణం అడగండి. అందరిదీ ఒకే కారణమైతే (వేళ, దీపం, కళ్లు, దారిలో కుక్కలు) తప్పు వలంటీరుది కాదు, దాన్ని సరిచేయడం మీ పని. ఒక్కొక్కరిది ఒక్కో కారణమైతే అవి సాకులు. అసలు సంగతి సభలో ఎవరో నొచ్చుకుని ఉంటారు. గమనించడానికి వెళ్లిన రెండోవారిని కూర్చోబెట్టి, ఏ మాట దగ్గర జనం ముఖాలు మారాయో గుర్తు చేసుకోమనండి.

మూడోది పదిహేను రోజుల తర్వాత. పుస్తకంలో లేని పేరు ఒక్కటైనా బడికి వచ్చిందా? వచ్చి ఉంటే ఆ మనిషిని తెచ్చింది ఎవరో కనుక్కోండి. మీ తర్వాతి శిక్షణకు పిలవవలసిన మొదటి మనిషి ఆవిడే. మాట్లాడటం రాదని వెనకాడతారు. మూడు నిమిషాలే అని చెప్పండి.